జ్వరాలు తగ్గినా చీలమండ వాపు, మడమ నొప్పి: వంశపారంపర్య జ్వరాల్లో కీళ్లు, టెండన్ల సంగతి

కూకట్‌పల్లి నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. బాబుకి పదకొండేళ్లు. నాలుగో ఏడు నుంచి నెలకో నెలన్నరకో ఒకసారి జ్వరం, కడుపునొప్పి వచ్చేవి. రెండు మూడు రోజుల్లో తగ్గేవి. టైఫాయిడ్ అని చాలాసార్లు మందులు వాడారు. చివరికి జన్యు పరీక్షలో ఎంఈఎఫ్‌వీ జన్యువు రెండు ప్రతుల్లోనూ ఎం694వీ అనే మార్పు ఉందని, ఇది ఫెమిలియల్ మెడిటరేనియన్ ఫీవర్ (ఎఫ్ఎంఎఫ్) అని చెప్పారు. రోజుకి ఒక మిల్లీగ్రాము కోల్చిసిన్ మొదలుపెట్టాక జ్వరాలు బాగా తగ్గాయి. విరేచనాలు అవుతున్నాయని ఈ మధ్య వారానికి ఒకటి రెండు రోజులు మాత్ర మానేస్తున్నారు. ఇప్పుడు అప్పుడప్పుడు ఒక చీలమండ వాచిపోతోంది, మామూలు రోజుల్లో పొద్దున్నే మడమ నొప్పి ఉంటోంది. ఒకరు యూరిక్ యాసిడ్ అన్నారు, ఇంకొకరు కీళ్లవాతం మొదలైందన్నారు. ఇది ఆ జ్వరం జబ్బులో భాగమేనా, కీళ్లు పాడవుతాయా, ఆటలు మాన్పించాలా, చెల్లికి కూడా పరీక్ష చేయించాలా అని ఆమె అడుగుతున్నారు. తమది మేనరికం అని కూడా రాశారు.

అమ్మా, హైదరాబాదులో చాలా ఏళ్లుగా కీళ్ల జబ్బులు చూస్తున్న డాక్టరుగా చెబుతున్నాను. మీరు రాసినదాన్నిబట్టి ఇది చాలామటుకు ఆ జబ్బులో భాగమే. కాకపోతే మీరు ఒకే సమస్యగా రాసినవి నిజానికి రెండు. వచ్చి, కొన్ని రోజులుండి, ఆనవాలు లేకుండా పోయే చీలమండ వాపు ఒకటి. జ్వరంతో సంబంధం లేకుండా రోజూ ఉదయం కనిపించే మడమ నొప్పి ఇంకొకటి. మొదటిది ఎంత భయపెట్టినా సాధారణంగా కీలుకి హాని చేయదు. రెండోది చూడడానికి చిన్నదే, కానీ అశ్రద్ధ చేయకూడనిది అదే.

ముందు జబ్బు గురించి కొంచెం చెబుతాను. ఎంఈఎఫ్‌వీ జన్యువును 1997లో గుర్తించారు. అది పైరిన్ అనే ప్రోటీన్‌ని తయారుచేస్తుంది. కొన్ని రకాల బాక్టీరియా విషాలు కణంలోకి చేరినప్పుడు పైరిన్ మేలుకొని, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే పదార్థం విడుదలయ్యేలా చేస్తుంది. జ్వరం, నొప్పి, వాపు చాలావరకు దాని పనే. మార్పు ఉన్న పైరిన్ ఏ క్రిమీ లేకపోయినా మేలుకుంటుంది. అప్పుడు న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు కొన్ని గంటల్లోనే కడుపు లోపలి పొరలోకో, ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరలోకో, కీలు లోపలి పొరలోకో దూసుకెళ్తాయి. అందుకే ఒక నెల కడుపునొప్పితో మెలికలు తిరిగిన పిల్లాడికి ఇంకో నెల చీలమండ వాస్తుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం దారి వేరు. ఈ జబ్బులో ఆ కీళ్లవాతం కోసం చేసే ఆర్ఏ ఫ్యాక్టర్ రక్తపరీక్ష సాధారణంగా నెగెటివే ఉంటుంది. ఈ వయసు పిల్లాడికి యూరిక్ యాసిడ్ వల్ల గౌట్ రావడం చాలా అరుదు, ఆ మాట పక్కన పెట్టేయండి.

ఎఫ్ఎంఎఫ్‌లో కీలు దాడి, అంటే ఉన్నట్టుండి వచ్చి పోయే కీలు వాపు, ఎలా ఉంటుందో చెబుతాను, మీ బాబుకి వచ్చినదానితో పోల్చి చూసుకోండి. రాత్రి మామూలుగా పడుకున్న పిల్లాడు తెల్లారేసరికి కాలు కింద పెట్టలేడు. ఎక్కువగా ఒకే కీలు, అదీ కాళ్లలోనే: మోకాలు, చీలమండ, తుంటి. దుప్పటి తగిలినా ఓర్చుకోలేడు. కొందరికి చీలమండ చుట్టూ, పాదం మీద అరచేయంత మేర చర్మం ఎర్రగా, వేడిగా, ఉబ్బి ఉంటుంది. దాన్ని సెల్యులైటిస్ (చర్మానికి పట్టే ఇన్‌ఫెక్షన్) అనుకొని యాంటీబయాటిక్ ఎక్కిస్తుంటారు. జ్వరం ఒకటి నుంచి మూడు రోజుల్లో పోతుంది, కీలు వాపు మాత్రం వారం దాకా, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. ఆ కీలులో నీరు తీసి చూస్తే తెల్లకణాలు కుప్పలుగా ఉంటాయి, క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్షలో మాత్రం ఏమీ పెరగదు. తగ్గాక కీలు మామూలుగా కదులుతుంది, ఎక్స్‌రేలో ఎముక చెక్కుచెదరకుండా ఉంటుంది.

దీనికి ముందు రోజు ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. ఎక్కువసేపు నడవడం, నిలబడడం, చిన్న దెబ్బ తగలడం ఎఫ్ఎంఎఫ్‌లో కాళ్ల కీళ్ల దాడికి తరచూ కారణమవుతాయి. మొక్కు తీర్చుకోవడానికి అలిపిరి మెట్లు ఎక్కి వచ్చిన రాత్రే చీలమండ వాచిందని చెప్పిన కుటుంబాలను చూశాను. బెణికిందనుకొని కట్టు కట్టిస్తారు. బెణుకు అయితే కాలు మెలికపడ్డ క్షణం పిల్లాడికి గుర్తుంటుంది, ఒంట్లో వాపుని చూపే సీఆర్‌పీ అనే రక్తపరీక్షలో అంకె అంతగా పెరగదు. ఈ దాడిలో సీఆర్‌పీ బాగా పెరిగిపోతుంది.

మన ఊళ్లో ఈ జబ్బు ఏళ్ల తరబడి బయటపడకపోవడానికి పెద్ద కారణం ఒకటుంది, దాన్ని గట్టిగానే చెప్పాలి. దాడి మందు వేసినా వేయకపోయినా తగ్గుతుంది. కాబట్టి చివర్లో ఏ మందు వేస్తే దానికే పేరొస్తుంది. జ్వరం రాగానే టైఫాయిడ్ కోసం విడాల్ పరీక్ష చేస్తారు. మన దగ్గర అది ఎంతోమందికి ఎంతో కొంత పాజిటివ్‌గా వస్తుంది. మూడో రోజు జ్వరం తగ్గగానే యాంటీబయాటిక్ పనిచేసిందంటారు. కాళ్లనొప్పులు ఉంటే ఏఎస్ఓ టైటర్ అనే రక్తపరీక్ష చేస్తారు, అది కాస్త ఎక్కువుంటే రుమాటిక్ ఫీవర్ అని మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ మొదలవుతుంది. ఏఎస్ఓ పెరగడం అంటే గొంతులో స్ట్రెప్టోకాకస్ ఎప్పుడో వచ్చి వెళ్లిందని మాత్రమే. రుమాటిక్ ఫీవర్‌లో కీళ్లనొప్పి ఒక కీలు నుంచి ఇంకో కీలుకి తిరుగుతుంది, గుండె కవాటాలు దెబ్బతినొచ్చు, అందుకని ఎకో అనే గుండె స్కాన్ తప్పనిసరి. వర్షాకాలం తర్వాత చికున్‌గున్యా సంగతి సరేసరి, దాని కీళ్లనొప్పులు నెలల తరబడి ఉండొచ్చు, కానీ అది ఏళ్ల తరబడి లెక్క తప్పకుండా తిరిగి రాదు.

అందుకే ఇంట్లో గోడ మీదున్న క్యాలెండరే నాకు అన్ని రిపోర్టులకన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది. జ్వరం ఏ రోజు వచ్చింది, ఎన్ని గంటలుంది, ఏ కీలు, వాపు ఎప్పుడు పోయింది, ఆ వారం మాత్ర ఎన్నిసార్లు తప్పింది, ఇవన్నీ అదే రోజు రాసిపెట్టండి. వాచిన కీలుని ఫోన్‌లో ఫొటో తీయండి, పక్కన బాగున్న కాలు కూడా కనిపించాలి. అపాయింట్‌మెంట్ దొరికేసరికి వాపు పోతుంది, అప్పుడు మీ మాట తప్ప డాక్టరు ముందు ఇంకేమీ ఉండదు. దాడి జరుగుతున్నప్పుడు ఒకసారి, పూర్తిగా బాగున్నప్పుడు ఇంకోసారి సీఆర్‌పీ చేయించండి. బాగున్న రోజుల్లో కూడా సీఆర్‌పీ ఎక్కువుంటే లోపల మంట ఆరలేదని అర్థం.

ఒక హెచ్చరిక. ఎఫ్ఎంఎఫ్ ఉందని తెలిసినా ప్రతి వాపునూ దాని ఖాతాలో వేయకూడదు. కీలులో చీము పట్టడం కూడా ఇలాగే మొదలవుతుంది, అది ఒకటి రెండు రోజుల్లోనే మృదులాస్థిని తినేస్తుంది. దాడి ఎప్పటిలా లేకపోతే, జ్వరం మూడు రోజులు దాటినా దిగకపోతే, పిల్లాడు నీరసించిపోతే అదే రోజు ఆసుపత్రికి వెళ్లి కీలు నీరు తీయించి కల్చర్‌కి పంపించాలి. తుంటి నొప్పి అయితే ఇంకా తొందరపడాలి, ఎందుకంటే అక్కడ వాపు పైకి కనిపించదు.

ఇక మడమ. టెండన్ అంటే కండరాన్ని ఎముకకు అతికించే గట్టి పట్టీ. అది ఎముకలోకి దిగే చోటు చాలా సున్నితమైనది. పందిరి గుంజకు తాడు కట్టిన ముడి దగ్గర లాగుడంతా పడినట్టు, నడిచినప్పుడల్లా పిక్క బలమంతా మడమ వెనక ఆ చిన్న చోటే పడుతుంది. అక్కడ వచ్చే వాపుని ఎంథసైటిస్ అంటారు. ఎఫ్ఎంఎఫ్ ఉన్నవాళ్లలో కొందరికి, ముఖ్యంగా ఎం694వీ రెండు ప్రతుల్లో ఉన్నవాళ్లకి, ఈ మడమ నొప్పి, నడుము కింది కీళ్ల నొప్పి వస్తుంటాయి. వెన్నునీ, టెండన్లనీ పట్టే స్పాండిలోఆర్థరైటిస్ అనే కీళ్లవాతం లాంటిదే, కానీ దానికోసం చేసే హెచ్ఎల్ఏ-బి27 అనే రక్తపరీక్ష చాలామందిలో నెగెటివ్‌గానే ఉంటుంది. కాబట్టి ఆ పరీక్ష నెగెటివ్ వచ్చిందని ఊరుకోకూడదు.

మీ బాబుకి ఏ నొప్పో ఇంట్లోనే కొంత తేల్చుకోవచ్చు. పొద్దున్న మంచం దిగగానే మొదటి అడుగులు కుంటుతూ వేసి, అరగంటో గంటో తిరిగాక హాయిగా నడుస్తున్నాడా? అది ఇన్‌ఫ్లమేషన్ లక్షణం. పొద్దున్న బాగుండి, సాయంత్రం గ్రౌండ్ నుంచి వచ్చాక నొప్పి అంటున్నాడా? ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్లో ఎదిగే మడమ ఎముక మీద ఒత్తిడి వల్ల వచ్చే సెవర్స్ అనే మామూలు నొప్పి అలా ఉంటుంది, దానికి ఈ జబ్బుతో సంబంధం లేదు. బాబుని బోర్లా పడుకోబెట్టి, పాదాలు మంచం అంచుకి వేలాడేలా పెట్టండి. మడమని రెండు పక్కల నుంచి అరచేతులతో నొక్కితే ఎక్కువ నొప్పా, లేక మడమ వెనక టెండన్ దిగే చోట బొటనవేలితో నొక్కితే ఎక్కువ నొప్పా? మొదటిది సెవర్స్ వైపు, రెండోది ఎంథసైటిస్ వైపు. వెనక నుంచి చూస్తే రెండు మడమల పైన టెండన్‌కి అటూ ఇటూ పల్లాలు సమానంగా కనిపించాలి. ఒక వైపు పూడుకుపోయి ఉంటే అక్కడ వాపు ఉన్నట్టే. తర్వాత అల్ట్రాసౌండ్‌లో డాప్లర్ పెట్టి చూస్తే రక్తప్రసారం పెరిగిందా అన్నది తెలుస్తుంది. ఈ స్కాన్ కీళ్ల స్కాన్ అలవాటున్నవాళ్ల దగ్గరే చేయించండి.

మడమ నొప్పితోపాటు తెల్లవారుజామున పిరుదుల దగ్గర నొప్పితో లేస్తున్నా, నడుము పట్టేస్తున్నా ఎంఆర్ఐ అవసరమవుతుంది. ఎఫ్ఎంఎఫ్‌లో కొద్దిమందికి వచ్చే తగ్గని కీళ్లవాతం ఎక్కువగా తుంటినీ, మోకాలినీ, నడుము కింది కీళ్లనూ పట్టుకుంటుంది. తుంటి కీలు శాశ్వతంగా దెబ్బతినేది ఇలాంటి సందర్భాల్లోనే. ఆరు వారాలు దాటిన ఏ వాపూ దాడి కాదు.

కండరాల నొప్పి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ పొరపడితే ప్రమాదం. ఆడాక పిక్కలు లాగి ఒక రోజులో తగ్గితే అది ఈ జబ్బులో మామూలే. ఒళ్లంతా తట్టుకోలేని నొప్పి, జ్వరం, వారాల తరబడి ఉండి, కండరం దెబ్బతిన్నదా అని చూపే సీకే అనే రక్తపరీక్ష మామూలుగా ఉంటే అది దీర్ఘ జ్వర కండరనొప్పి, దానికి స్టెరాయిడ్ బాగా పనిచేస్తుంది. నొప్పికన్నా నీరసం ఎక్కువై, కింద కూర్చుంటే లేవలేక, సీకే పెరిగి ఉంటే కోల్చిసిన్ శరీరంలో ఎక్కువైపోయిందేమో చూడాలి.

మీ ప్రశ్న చదివే మిగతావాళ్ల కోసం ఇంకో మాట. అన్ని వంశపారంపర్య జ్వరాలూ ఎఫ్ఎంఎఫ్ కావు. టీఎన్ఎఫ్ఆర్ఎస్ఎఫ్1ఏ జన్యువు వల్ల వచ్చే ట్రాప్స్‌లో జ్వరం వారం దాటి, రెండు మూడు వారాలు కూడా ఉంటుంది. కండరం మీది పొరలో వాపు మొదలై, పైన ఎర్రటి మచ్చతో సహా చేతి కిందికో కాలి కిందికో జరుగుతూ పోతుంది, కళ్ల చుట్టూ ఉబ్బుతుంది. ఎంవీకే జన్యువు వల్ల వచ్చేది పసితనంలోనే మొదలై, టీకా వేసిన తర్వాత తరచూ వచ్చి, నాలుగైదు రోజులుండి, మెడ గ్రంథులు వాచి, రెండు వైపుల కీళ్లనూ నొప్పిస్తుంది. ఎన్ఎల్ఆర్‌పీ3 రకంలో దద్దుర్లు, వినికిడి లోపం ఉంటాయి. దాని తీవ్ర రూపంలో మోకాలి చిప్ప, ఎముక చివర్లు వింతగా పెరిగిపోతాయి. పీఎస్‌టీపీఐపీ1 రకంలో చిన్న దెబ్బకే కీలులో చీము లాంటి నీరు చేరుతుంది, కల్చర్‌లో ఏమీ రాదు.

టెండన్ల విషయంలో నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించేది ఎన్ఓడీ2 జన్యువు వల్ల వచ్చే బ్లా సిండ్రోమ్. ఇందులో చాలామందికి పెద్దగా జ్వరమే ఉండదు. మణికట్టు వెనకా, చీలమండ ముందూ టెండన్ల చుట్టూ ఉండే తొడుగులు మెత్తగా, తిత్తుల్లా ఉబ్బుతాయి. అంత వాపు ఉన్నా పిల్లలు ఆడుకుంటూనే ఉంటారు, కాబట్టి ఇంట్లో పట్టించుకోరు. వేళ్లు మెల్లగా ముడుచుకుపోతాయి. ముక్క తీసి పరీక్షిస్తే గ్రాన్యులోమా (వాపు కణాల చిన్న ముద్ద) అని వస్తుంది, మన దేశంలో ఆ మాట వినగానే టీబీ మందులు మొదలవుతాయి. ఈలోగా కంటి లోపల వాపు చూపుని తినేస్తుంది. మణికట్టు మీద తిత్తిలాంటి వాపు, చర్మం మీద సన్నటి పొక్కులు ఉన్న పిల్లలకి కళ్లు ఎర్రగా లేకపోయినా కంటి డాక్టరు దగ్గర స్లిట్ ల్యాంప్ పరీక్ష చేయించాలి.

జన్యు రిపోర్టు చేతిలో పట్టుకొని కంగారుపడేవాళ్లకి కూడా ఒక మాట. ఎంఈఎఫ్‌వీలో ఇ148క్యూ అనే మార్పు మనవాళ్లలో ఏ జబ్బూ లేని ఎంతోమందికి ఉంటుంది. అది ఒక్కటే కనబడితే ఎఫ్ఎంఎఫ్ ఉన్నట్టు కాదు. మీ బాబుది అలాంటిది కాదమ్మా. ఎం694వీ రెండు ప్రతుల్లో ఉండడం అసలైన, తీవ్రమైన రకం. మీ బాబు విషయంలో పట్టుదలగా ఉండమనడానికి కారణం అదే.

ఇప్పుడు వైద్యం. కోల్చిసిన్‌ని ఈ జబ్బుకి 1972 నుంచి వాడుతున్నారు. గౌట్ మాత్రగా మెడికల్ షాపుల్లో చవకగా దొరికేది ఇదే. నొప్పి వచ్చినప్పుడు వేసుకునే మాత్ర కాదిది, రోజూ వేసుకుంటేనే దాడుల్ని ఆపుతుంది. వారానికి రెండు రోజులు మానేస్తే చీలమండ వాపుకి అది ఒక్కటే కారణం కావచ్చు. విరేచనాలకి మార్గం ఉంది: ఒకేసారి కాకుండా పొద్దున అర మిల్లీగ్రాము, రాత్రి అర మిల్లీగ్రాము ఇవ్వండి, కొన్నాళ్లు పాలు తగ్గించి చూడండి. పదేళ్లు దాటిన పిల్లలకి సాధారణంగా రోజుకి ఒకటి నుంచి ఒకటిన్నర మిల్లీగ్రాములు ఇస్తారు, కాబట్టి ఇంకొంచెం పెంచే అవకాశం ఉంది. ఆ పని మీ డాక్టరే రక్తపరీక్షలు చూసి చేయాలి. ఎక్కువ మోతాదు ప్రాణాంతకం, మాత్రలు పిల్లలకి అందకుండా పెట్టండి.

జలుబు, దగ్గుకి ఎవరి దగ్గరికి వెళ్లినా కోల్చిసిన్ వాడుతున్నామని ముందే చెప్పండి. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్, కీటోకొనజోల్ లాంటి మందులు కలిస్తే కోల్చిసిన్ బయటికి పోక విషమవుతుంది. ఊళ్లో పెద్దవాళ్లు అడవినాభి దుంప గురించి చెప్పొచ్చు. ఆ దుంపలో ఉండేది కోల్చిసినే, కానీ ఎంత ఉంటుందో కొలత లేదు. ఒక్క ముక్క కూడా పెట్టకండి.

దాడి రోజుల్లో నాప్రోక్సెన్ లాంటి నొప్పి మందు నాలుగైదు రోజులు ఇవ్వొచ్చు, మూత్రపిండాలు బాగున్నాయని తెలిసి ఉంటే. కోల్చిసిన్ ఒక్క రోజు కూడా తప్పకుండా, సరైన మోతాదులో మూడు నెలలు వాడినా మడమ నొప్పి అలాగే ఉంటే అప్పుడు అదనపు మందుల గురించి ఆలోచించాలి: సల్ఫాసలజీన్, మెథోట్రెక్సేట్, నడుము కింది కీళ్లకి పాకితే వాపుని పెంచే టీఎన్ఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లు. వాటికి ముందు టీబీ పరీక్ష తప్పనిసరి. దాడులే ఆగకపోతే ఇంటర్‌ల్యూకిన్-1ని అడ్డుకునే అనాకిన్రా, కనాకినుమాబ్ ఉన్నాయి. ఇవి చాలా ఖరీదైనవి, అందుకే చవకైన మాత్ర సరిగ్గా వాడడం మీద ఇంత పట్టుబడుతున్నాను. మడమ టెండన్‌లోకి నేరుగా స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తామని ఎవరన్నా ఒప్పుకోకండి, ఆ టెండన్ తెగిపోయే ప్రమాదం ఉంది.

ఆటలు మాన్పించకండి. దాడి ఉన్నన్నాళ్లూ విశ్రాంతి, ఐస్‌ప్యాక్. తర్వాత మళ్లీ మెల్లగా మొదలు. ఈత, సైకిల్ మడమకి సుఖం. కొన్నాళ్లు స్కిప్పింగ్, గట్టి నేల మీద పరుగు తగ్గించండి. మడమ దగ్గర మెత్తటి సోల్ ఉన్న బూట్లు వేయించండి. స్కూల్‌కి ఒక లెటర్ తీసుకెళ్లండి, పీటీ సార్‌కి చెప్పండి: ఈ నెల పరుగెత్తిన పిల్లాడు వచ్చే నెల కుంటితే అది నాటకం కాదు.

ఆర్నెల్లకోసారి మూత్రంలో ప్రోటీన్ పరీక్ష మాత్రం మర్చిపోకండి. లోపల మంట ఏళ్ల తరబడి ఆరకపోతే అమైలాయిడ్ అనే పదార్థం మూత్రపిండాల్లో పేరుకుపోతుంది. దాడిలో వాచిన కీలు తిరిగి బాగవుతుంది, పాడైన కిడ్నీ అలా బాగవదు.

చెల్లి విషయం. మీ ఇద్దరి దగ్గర నుంచీ ఒక్కో ప్రతి వచ్చింది కాబట్టి పాపకి రెండూ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మేనరికం అని రాశారు, అది ఇలాంటి జబ్బులు బయటపడే అవకాశాన్ని పెంచుతుంది, అంతేకానీ ఇందులో మీ తప్పేమీ లేదు. బాబులో ఏ మార్పో తెలుసు కాబట్టి పాపకి పెద్ద పరీక్ష అక్కర్లేదు, ఆ ఒక్క మార్పు కోసం చూస్తే చాలు, ఖర్చు చాలా తక్కువ. నిమ్స్‌లో రుమటాలజీ, జెనెటిక్స్ విభాగాలు రెండూ ఉన్నాయి. ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరీక్షల కేంద్రం, నిమ్స్ కలిసి 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద ప్రత్యేక కేంద్రంగా కూడా ఉన్నాయి. పాపకి ఇప్పటికే అకారణంగా జ్వరాలు, కడుపునొప్పి, కాళ్లనొప్పులు ఉంటే ఈ నెలలోనే చూపించండి. ఏమీ లేకపోతే ముందు సీఆర్‌పీ, మూత్రంలో ప్రోటీన్ చేయించి, జన్యు పరీక్షకి బాబు తర్వాతి చెకప్ రోజే ఇద్దరినీ కలిపి తీసుకెళ్లండి. క్యాలెండర్, ఫొటోలు, బాబు జన్యు రిపోర్టు అసలు కాపీ వెంట ఉండాలి.